కొననివారికి అంగట్లో ఏం పని?

మా నాన్న సంతలకు తిరిగిన వర్తకులు. ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో మాకు ఒక చిన్న దుకాణం ఉండేది గానీ, ఇల్లు గడిచింది మాత్రం సంతల మీదనే. గురువారం ఒనకడిల్లి, శుక్రవారం కుందులి, మిగిలిన రోజుల్లో దారిన తగిలే చిన్నాచితకా ఊళ్ళు. ఉప్పు, ఎండుచేపలు, బెల్లం, పొగాకు లారీ మీద వేసుకుని వెళ్ళేవారు. చింతపండు, వలిసెలు, చోళ్ళు, అల్లం, అడ్డాకులు వేసుకుని తిరిగి వచ్చేవారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా కోరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి, మాలాంటి తెలుగు వర్తక కుటుంబాలు అక్కడ ఎవరికీ వింత కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా మాట్లాడుతూ పెరిగిన మాకు, అవి మూడు వేరు వేరు భాషలన్న సంగతి కాస్త పెద్దయ్యాక గానీ తట్టలేదు.

వేసవి సెలవుల్లో నేను కూడా నాన్న వెంట వెళ్ళి చిల్లర లెక్క చూసేదాన్ని. 1980ల చివరి మాట ఇది. ఒక గురువారం ఒనకడిల్లి సంతలో జీపు ఒకటి వచ్చి ఆగింది. పూరీ నుంచి విదేశీ యాత్రికులను తీసుకువచ్చే జీపులు అప్పటికే మాకు అలవాటు. దిగిన ఒకామె మెడలో కెమెరా ఉంది. మా పక్కన కొండచీపుళ్ళ కట్టలు పేర్చుకుని కూర్చున్న బొండా తెగ ఆమె, కెమెరా తన వైపు తిరగడం చూసి ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెంట వచ్చిన గైడు ఆమె చేతిలో ఏదో నోటు పెట్టి నచ్చజెప్పాడు. ఆ తర్వాత మా వైపు తిరిగి "కాస్త పక్కకు జరగండి బాబూ" అన్నాడు. మా కాటా, మా ప్లాస్టిక్ సంచులు, నేను వేసుకున్న స్కూలు చొక్కా ఫొటోలో పడకూడదట. మేము జరిగాము. చీపుళ్ళ బేరం సగంలో ఉన్న మనిషి కూడా, చేతిలో కట్ట పట్టుకునే, మాతో పాటు జరిగాడు. జీపు వెళ్ళిపోయాక నాన్న నిజంగానే అర్థం కానట్టు అడిగారు: "కొనీది నేదు, అమ్మీది నేదు, మరి సంతకెందుకొచ్చినట్టమ్మా ఈళ్ళు?"

ఆ ప్రశ్న నాకు సుమారు ముప్పైఅయిదేళ్ళు పనికిరాలేదు, ఎందుకంటే అన్నేళ్ళూ నేను జీపు దిగేవాళ్ళలో లేను.

మా తమ్ముడు బ్యాంకాక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మరదలికి కాన్పయింది, ఆమెకు తల్లి లేదు, బాలింతకు పథ్యం వండి పెట్టడానికి ఆడపడుచుగా నేనే వెళ్ళవలసి వచ్చింది. 2023 నవంబరులో మొదలుపెట్టి థాయ్‌లాండు అప్పట్లో మనవాళ్ళను వీసా లేకుండా రానిచ్చేది కాబట్టి కాగితాల పని తప్పింది. సుంకి ఘాటు దిగి, సాలూరు మీదుగా విశాఖ చేరి, అక్కడ విమానం ఎక్కాను. ఉన్నది అయిదు వారాలు. ఆ అయిదు వారాల్లో నేను ఆ నగరపు బజార్లను రెండు రకాలుగా చూశాను: మొదట తమ్ముడు చూపించగా, తర్వాత పొయ్యి మీద ఎసరు పెట్టి పరుగెత్తినప్పుడు. ఈ రెండింటిలో ఒకటి సరైనదనీ, రెండవది సరైనది కాదనీ నా అభిప్రాయం. అంత కచ్చితంగా చెప్పడం మర్యాద కాదని తమ్ముడు అంటాడు గానీ, నేను సంతలో పెరిగినదాన్ని. ధర చెప్పకుండా నాన్చడం నాకు చేతకాదు.

మొదటి ఆదివారం, మరదలి చెల్లెలు ఇంట్లో ఉండగా, తమ్ముడు నన్ను నగరానికి నైరుతిగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న దమ్‌నోన్ సదువాక్ అనే నీటి సంతకు తీసుకువెళ్ళాడు. 1860లలో మోంగ్‌కుట్ రాజు తవ్వించిన కాలువ అది. ఆ కాలువల మీద తోటల సరుకు నిజంగానే పడవల్లో వచ్చి, పడవల్లోనే చేతులు మారిన కాలం ఒకటి ఉంది. ఇప్పుడు వరసగా మోటారు పడవల్లో యాత్రికులు, ఇరువైపులా గట్ల మీద ఏనుగు బొమ్మల పైజామాలు, చిన్న పడవల్లో మామిడిపండుతో తీపి అన్నం, కొబ్బరి ఐస్‌క్రీము. పడవలోని ఆమె దగ్గర ఒక పనస తొనల పొట్లం కొని చుట్టూ చూస్తే, ఆ ఊరి మనిషి ఎవరూ ఏదీ కొనడం నాకు కనబడలేదు. నీటి మీద సంత అన్నారు గానీ, నాకు కనిపించింది నీటి మీద జీపు.

అక్కడి నుంచి మే క్లాంగ్. రైలు పట్టాల మీద బజారు ఉంటుందనీ, రైలు వచ్చే వేళకు దుకాణాల వాళ్ళు తెరలు వెనక్కి లాగి, బండి పోగానే మళ్ళీ పరుస్తారనీ మీరు కూడా ఫోన్లలో చూసే ఉంటారు. ఆ తెరలు లాగే పని చూడవలసిందే, కాదనను. అయితే నా కన్ను పడింది చేపల బుట్టల మీద. చిన్న వెదురు బుట్టల్లో రెండేసి మూడేసి ఉడికించిన కానాగంత చేపలు, ప్రతి చేపా మెడ విరిచి తల కిందికి వంచి, బుట్టలో సరిపోయేటట్టు సర్ది ఉన్నాయి. ఆ ఊరి చేపను దాని రూపం బట్టే "వంగిన ముఖం, విరిగిన మెడ" అంటారట. మా నాన్న ఎండుచేపలను తాటాకు బుట్టలో తోక లోపలికి, తల బయటికి వలయంగా పేర్చేవారు. ఎవరి సరుకును వాళ్ళు ఎట్లా పేర్చుకుంటారో చూస్తే వాళ్ళు దాన్ని ఎంత దూరం మోసుకువెళ్ళాలో తెలుస్తుంది. నేను ఆ బుట్టల ముందు వంగి ఉండగా రైలు కూత వినబడింది, పట్టాలకు రెండు పక్కలా ఫోన్లు పైకి లేచాయి. ఆ ఫోన్ల వెనక, చేతిలో గుడ్డసంచి పట్టుకుని, ఆ ఊరి ముసలావిడ ఒకరు నిలబడి ఉన్నారు. ఆమెకు చేపలు కావాలి. ముందుకు రావడానికి సందు లేదు. రైలు వచ్చి, పోయి, అందరూ తాము తీసింది మరొకరికి చూపించుకుని, పలచబడే దాకా ఆమె అట్లాగే నిలబడ్డారు. అడ్డం నిలబడినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒనకడిల్లిలో చీపురుకట్ట పట్టుకుని పక్కకు జరిగిన మనిషి అప్పుడు గుర్తుకు వచ్చాడు.

ఇదీ నా అభ్యంతరం. ఫొటో తీస్తే ఎవరి ఆత్మా పోదు; నేను కూడా చేపల బుట్టను తీసుకున్నాను. అయితే చూడటానికి వచ్చినవారికి బజారులో తాము చూడదలచినది తప్ప మిగిలినదంతా అడ్డం అవుతుంది. అక్కడ అడ్డంగా కనిపించేది ఎప్పుడూ బేరమే: కొనేవాడు, కాటా, సంచి, చిల్లర కోసం తిట్టుకోవడం. బేరం తీసేసిన బజారును ఫొటో తీసుకుని పోయి, ఆ ఊరి బజారు చూశామని చెప్పుకుంటారు.

ఇక రెండవ రకం. సోమవారం నుంచి నాకు మునగకాడలు కావాలి, వెల్లుల్లి కావాలి, పచ్చి చేప కావాలి. పప్పులూ ఆవాలూ పాహురత్‌లో, సిక్కుల గురుద్వారా చుట్టుపక్కల మనవాళ్ళ దుకాణాల్లో దొరుకుతాయని తెలిసింది. మిగిలిన వాటికి ఓడరేవు పక్కన ఉన్న క్లాంగ్ తోయ్ బజారు. నగరంలోని హోటళ్ళవాళ్ళు తెల్లవారకముందే సరుకు ఎత్తుకుపోయే చోటు అది. నేల తడి, మంచుగడ్డలు పగలగొట్టే చప్పుడు, రబ్బరు బూట్లు, వెనక నుంచి అరుస్తూ తోసుకువచ్చే బండ్లు. బండ్లు తోసేవాళ్ళలో, చేపలు కోసేవాళ్ళలో చాలామంది బర్మా, కంబోడియాల నుంచి కూలికి వచ్చినవాళ్ళు. అంటే అక్కడ కూడా అమ్మే భాష ఒకటి, ఇంటి భాష ఇంకొకటి. నాకు ప్రాణం లేచివచ్చింది.

మొదటి రోజే ఎండురొయ్యల దగ్గర గొడవపడ్డాను. రాశి మీద గుచ్చిన అట్టముక్క మీద 45 అని అంకె ఉంది, పక్కన వాళ్ళ లిపిలో ఏదో ఉంది. మా లెక్కకు చవకే అనిపించి, తమ్ముడికి ఇష్టం కదా అని, కిలో తూయమన్నాను. ఆమె తూచి, కాలిక్యులేటర్ మీద 450 నొక్కి చూపించింది. పరాయి మనిషినని మోసం చేస్తోందని నాకు ఒళ్ళు మండింది. నేను అట్టముక్క చూపించి తెలుగులో, ఆమె కాలిక్యులేటర్ చూపించి థాయ్‌లో, ఇద్దరమూ గొంతు పెంచాము. చివరికి ఆమె నవ్వి, రెండు చేతుల వేళ్ళూ చాపి, ఒక్కొక్క వేలూ ముడుస్తూ "ఖీత్, ఖీత్, ఖీత్" అని పది లెక్కపెట్టింది. వంద గ్రాములను వాళ్ళు ఒక ఖీత్ అంటారు. రొయ్యలు, మిరపకాయలు, మాంసం వంటి వాటికి ధర ఖీత్‌కే చెబుతారు. మూడు ఖీత్‌లు తీసుకుని, 135 బాట్లు ఇచ్చి, తల దించుకుని వచ్చేశాను.

ఆ సిగ్గు ఆ రోజంతా వదలలేదు. ఆమె మీద అరిచినందుకు కాదు, కొలత తెలియని మనిషి కొలత తెలిసిన మనిషి ముందు నిలబడితే కడుపులో ఎట్లా ఉంటుందో ఆ వయసులో నాకు మొదటిసారి తెలిసినందుకు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా నాన్న కొనేటప్పుడు వలిసెలు సోల మీద గోపురం కట్టేటట్టు పోయించుకునేవారు. అమ్మేటప్పుడు ఉప్పును అదే సోలతో, అంచుకు అరచేత్తో గీసి పోసేవారు. పొద్దున్న చింతపండుకు ఒక ధర, లారీ బయలుదేరే వేళకు ఇంకొక ధర, ఎందుకంటే అమ్ముడుపోని తట్టను ఎవరూ తిరిగి కొండ మీదికి మోసుకుపోలేరని ఆయనకు తెలుసు. సంతలో అందరు సావుకార్లూ అట్లాగే చేసేవారు, మేము అది వ్యాపారం అనుకున్నాము. సరిహద్దుకు అవతల, ఇటువంటి కొలతల నుంచి కొండవాళ్ళను కాపాడటానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారని నేను చదువుకున్నాను కూడా. చదివినప్పుడు అది మా సోల గురించి అని తోచలేదు. నన్ను ఆదుకోవడానికి రొయ్యలు అమ్మే ఆమె పది వేళ్ళు చాపింది. కొండచీపుళ్ళ ఆమెకు అట్లా వేళ్ళు చాపి లెక్క చెప్పినవాళ్ళు మాలో ఎవరూ లేరు.

కాబట్టి కొనేవాళ్ళు పుణ్యాత్ములు, చూసేవాళ్ళు పాపాత్ములు అని నేను అనడం లేదు. కొనడంలో కూడా అన్యాయం ఉంటుంది, ఫొటో తీయడం కంటే పెద్ద అన్యాయమే ఉంటుంది. అయితే బేరంలో ఉన్న మనిషి తన అన్యాయాన్ని ఏదో ఒక రోజు ఎదుర్కోక తప్పదు, కాటాకు రెండు తట్టలు ఉంటాయి కనుక. జీపు దిగి ఎక్కినామెకు ఆ అవసరమే రాదు.

అంతేకాదు, కొనకపోతే బజారు నోరు విప్పదు. తొలి వారంలో క్లాంగ్ తోయ్ నాకు వాసనల గందరగోళం. రెండవ వారానికి అది మా పెరడు. తమ్‌లింగ్ అని అమ్మే ఆకు మన దొండాకు. మనం కాయ తిని ఆకు పారేస్తాము, వాళ్ళు ఆకు తిని కాయను పట్టించుకోరు. ఫక్ బుంగ్ అంటే మన చెరువుల్లో పెరిగే తూటికూర. వాళ్ళ ఆకుపచ్చ రంగు కూరలో వేసే బఠాణీల్లాంటి గుత్తులు మన ఉస్తికాయలు. తెల్లని అవిసెపూలు కూడా ఉన్నాయి. జయపురంలో ఒడియా ఇళ్ళవాళ్ళు వాటిని పిండిలో ముంచి వేయిస్తారు, థాయ్‌వాళ్ళేమో కేంగ్ సోమ్ అనే పులుసులో వేస్తారు. ఆ కేంగ్ సోమ్ సంగతి చెప్పితే మా అమ్మ నమ్మి ఉండేది కాదు. చింతపండు రసం, ఎండుమిరపకాయలు, చిన్న ఉల్లి, చేప, మునగకాడలు. మునగను వాళ్ళు మరుమ్ అంటారు. రొయ్యల ముద్ద ఒక్కటి తీసేసి పోపు పెట్టితే అది మన మునగకాడల చేపల పులుసు. ఈ పేర్లలో ఒక్కటి కూడా నేను బోర్డు చదివి నేర్చుకోలేదు. వేలు చూపించి, తప్పు పలికి, నవ్వించుకుని నేర్చుకున్నాను.

ఎర్రచీమల గుడ్ల ముచ్చట కూడా ఇక్కడే చెప్పాలి. ఎండాకాలం వస్తే ఈశాన్య థాయ్‌లాండు నుంచి అవి నగరానికి వస్తాయి, మల్లెమొగ్గల్లా తెల్లగా ఉంటాయి. వాటి ముందు ఒక కుర్రవాడు ఫోను కర్ర పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి, ఒక్క గుడ్డు నోట్లో వేసుకుని అరిచాడు. మా కోరాపుట్ సంతల్లో ఎర్రచీమలను ఆకు దొన్నెల్లో పెట్టి అమ్ముతారు. మన ఒడిశాలోనే మయూర్‌భంజ్ ప్రాంతపు ఎర్రచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకరు అన్నంలోకి కొనుక్కునే సరుకును చూసి కేకలు వేయడం ఆ కుర్రవాడికి తప్పుగా తోచలేదు. మా తమ్ముడి స్నేహితులకైతే అది సరదాగా కూడా అనిపించింది.

"హోటల్లో దిగినవాళ్ళకు పొయ్యి ఎక్కడిది అక్కా, వాళ్ళు మునగకాడలు కొని ఏం చేసుకుంటారు?" అని తమ్ముడు వాదించాడు. న్యాయమైన ప్రశ్నే. పొయ్యి లేనివాళ్ళు పండ్లు కొనవచ్చు, ఒక ఖీత్ వేరుశనగలు కొనవచ్చు, అమ్మేవాళ్ళు తినే బల్ల దగ్గరే కూర్చుని వాళ్ళు తినేదే తినవచ్చు. ఏదో ఒకటి కొనేటప్పుడు ఎదుటి మనిషి ముఖం చూడక తప్పదు, అది చాలు. నీటి సంత పడవలవాళ్ళు చూపరుల మీదనే బతుకుతున్నారు కదా అన్నాడు. బతకనీ, అక్కడ అమ్మే సరుకే చూపు, దానికి ధర కట్టి తీసుకుంటున్నారు, అందులో తగవు లేదు. దాన్ని సంత అనవద్దు, అంతే. రైతుల పేరిట ప్రభుత్వ సంస్థ నడిపే ఒర్ తోర్ కోర్ బజారు కూడా చూపించాడు. పండ్లు అద్దంలా మెరుస్తున్నాయి, ధరలు విని బయటికి వచ్చేశాను. మన పక్క జిల్లాల రైతుబజార్లు కళ్ళకు ఇంత ఇంపుగా ఉండవు గానీ, సంచి నిండుతుంది. పదిహేను వేలకు పైగా దుకాణాలున్నాయని చెప్పే చాతుచక్ వారాంతపు బజారులో నేను ఒక జల్లెడ కొన్నాను. దాని గురించి అంతకంటే చెప్పడానికి లేదు.

పూల బజారుకు మాత్రం నేనే అడిగి వెళ్ళాను. చావ్ ఫ్రాయా నది ఒడ్డున పాక్ ఖ్లాంగ్ తలాత్ రాత్రంతా మేలుకుని ఉంటుంది. బంతిపూలు గోనెసంచుల్లో, మల్లెమొగ్గలు మంచుగడ్డల మధ్య. దండలు గుచ్చే ఆమె పళ్ళెంలో తెల్లని, మైనపు ముద్దల్లాంటి చిన్న పూలు చూసి ఆగిపోయాను. జిల్లేడు. రేకులు తీసేసి, నడిమి కిరీటం లాంటి భాగాన్ని మాత్రం సూదికి ఎక్కిస్తోంది. మన దగ్గర కంచె పక్కన పెరిగి, వినాయక చవితికి తప్ప ఎవరూ తాకని పువ్వు. దాని పేరు వాళ్ళ భాషలో రక్; ప్రేమకూ అదే మాట కాబట్టి, పెళ్ళి దండల్లో కూడా గుచ్చుతారు. ఇరవై బాట్లకు ఒక దండ కొని తెచ్చి దేవుడి అరలో పెట్టాను. "జిల్లేడా!" అని మరదలు మంచం మీది నుంచే నవ్వింది.

క్లాంగ్ తోయ్‌లో నేను కూరలు కొన్నది ఎక్కువగా ఒకామె దగ్గరే. మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి పాతిక మాటలు, పది వేళ్ళు. నాలుగవ వారంలో ఒక రోజు మునగకాడలకు డబ్బు ఇచ్చి కదలబోతే, ఆమె ఒక కొత్తిమీర కట్ట తీసి నా సంచిలో పడేసి "థేమ్" అంది. ఆ మాట నాకు కొత్త. డబ్బు తీయబోతే చెయ్యి ఊపి, మళ్ళీ "థేమ్, థేమ్" అంది. అప్పుడు అర్థమైంది. తెలుగులో కొసరు, ఒడియాలో ఫావు. మా నాన్న కూడా ఉప్పు గీసి పోసిన తర్వాత, పిల్లల చేతిలో బెల్లం ముక్క పెట్టేవారు.

కట్ట పొడుగ్గా ఉండి సంచిలో పట్టలేదు. మట్టి వదిలిన వేళ్ళు ఇంకా కట్టకే ఉన్నాయి. అవి తుంచి పారేయబోతే ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది. రెండవ చేత్తో రోట్లో దంచుతున్నట్టు చూపించి, పక్కనున్న వెల్లుల్లినీ, మిరియాలనూ వేలితో చూపించింది. ఆ రోజు బాలింత కారంలో వెల్లుల్లి, మిరియాలతో పాటు కొత్తిమీర వేళ్ళు కూడా పడ్డాయి.